రేపల్లె మేడ ముందు బూడిదలో అడుగులు

తెనాలి, బాపట్ల, రేపల్లె ఊళ్ళ పెద్దలకూ పిన్నలకూ తెలియజేయడమేమనగా... మా మేనత్త కూతురు ప్రమీల నిన్న పెట్టిన పోస్టుకు నేను కొట్టిన లైకును ఈ పొద్దున కాఫీ తాగకముందే వెనక్కి తీసుకున్నాను. కారణం కింద రాస్తున్నాను. ఓపికగా చదవండి.

మా చిన్నప్పుడు... వేసవి సెలవులివ్వగానే నేను తెనాలి నుంచి, ప్రమీల బాపట్ల నుంచి రేపల్లెలో వాలిపోయేవాళ్ళం. అక్కడ మా నాయనమ్మ ఉండేది, ప్రమీలకు అమ్మమ్మ. రైసు మిల్లులో పని. మిల్లు పక్కనే యజమానుల పాత మేడ... వాళ్ళు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్ళిపోయారు. కింద గోనె సంచులు, పైన గబ్బిలాలు. ఆ మేడ కాపలా కూడా నాయనమ్మదే.

కాపలా అంటే కర్ర పట్టుకుని కూర్చోవడం కాదు. పొద్దుగూకే ముందు తలుపుకు తాళం వేసి, మిల్లు పొయ్యిలో కాలిన ఊక బూడిదను జల్లించి తెచ్చి, వసారా అంతా పల్చగా చల్లేది. తెల్లారాక వచ్చి చూసుకునేది. పిల్లి నడిచినా పట్టేసేది.

ఒకరోజు పొద్దున్నే వెళ్ళి చూస్తే... మెట్ల దగ్గర మొదలై తలుపు దాకా అడుగులు. చెప్పుల్లేని కాళ్ళవి. తాళం వేసింది వేసినట్టే ఉంది. తిరిగొచ్చిన అడుగు ఒక్కటీ లేదు.

"ఎవుడ్రా ఇక్కడ నడిచింది?" అంది నాయనమ్మ.

"బావా, లోపలికెళ్ళినోళ్ళు ఏరి?" అంది ప్రమీల, నా చొక్కా పట్టుకుని.

"లోపలే ఉన్నారు. నీకోసమే చూస్తన్నారంట!" అన్నాను.

అది పెట్టిన ఏడుపుకు స్టేషన్లో బండి కూత కూడా వినపడలేదు. నాయనమ్మ తాళం తీసి చూసింది. సంచులు, ఎలుకలు తప్ప ఎవరూ లేరు. చీపురు తెచ్చి ఆ అడుగులన్నీ గబగబా ఊడ్చేసింది. "ఈ సంగతి బయట ఎత్తారంటే ఇద్దరికీ వాతలే" అంది.

నేను ఎత్తాను. బడి తెరిచిన రోజే తెనాలిలో అందరికీ చెప్పేశాను... ఆ అడుగులు వేసింది నేనేనని, నాయనమ్మను హడలగొట్టానని. ఆ రోజుతో 'మేడ దెయ్యం' అని నాకు పేరొచ్చింది. తర్వాత చేసిన తుంటరి పనులన్నీ ఆ పేరు నిలబెట్టుకోవడానికే. తొమ్మిదో తరగతితో చదువు ఆపేసి మోటారు వైండింగ్ షాపు పెట్టుకున్నా, ఆ పేరు మాత్రం ఇంటిపేరులా అతుక్కుపోయింది.

ఇప్పుడు ప్రమీల బాపట్లలో లెక్చరరు. నవల రాస్తోందట. సగం ఇప్పటి కాలం, సగం అప్పటి కాలం. ఒక అధ్యాయం ఇటు, ఒక అధ్యాయం అటు... మన తెనాలి-రేపల్లె బండిలాగా. నిన్న దాని మొదటి వాక్యాలు పోస్టు చేసింది.

"రైలు పట్టాలు అయిపోయే ఊళ్ళో ఒక మేడ ఉండేది. ఆ ఉదయం దాని వసారా బూడిదలో లోపలికి వెళ్ళిన అడుగులున్నాయి, బయటికి వచ్చినవి లేవు. అడుగుల్ని అమ్మమ్మ తుడిచేసింది, తాళంచెవిని దాచుకుంది. నలభై ఏళ్ళ తర్వాత అది నా చేతికొచ్చింది."

చదివాను. మళ్ళీ చదివాను. కడుపు మండిపోయింది... ఎందుకంటే బాగుంది.

కింద కామెంట్లు చూడాలి! "మేడమ్, వెన్నులో చలి పుట్టిందండి" అని ఒకాయన. "ఇంత ఊహ ఎలా వచ్చిందండీ మీకు?" అని ఒకావిడ. ఊహా? నా మేడ, నా బూడిద, నా అడుగులు! ఆ తాళంచెవి ఒక్కటే ప్రమీల ఊహ. నాయనమ్మ పని మానేసిన రోజే దాన్ని గుమాస్తా చేతిలో పెట్టి వచ్చింది. షాపు ముందు నిలబడి నేను పెట్టిన ఫొటోకు ఇందులో పావు వంతు లైకులు రాలేదు. వచ్చినవాటిలో ఒకటి నాదే.

ఉండబట్టలేక ఆ కామెంట్ల మధ్యే రాసి పారేశాను... "ఆ అడుగులు నావి" అని.

వెంటనే ఫోను.

"బావా, నిజంగా నువ్వేనా?"

"కాకపోతే మీ కాలేజీ ప్రిన్సిపాలా?"

"అయితే ఒక్కటి చెప్పు బావా. తలుపు దాకా వెళ్ళావు, సరే... తిరిగి ఎలా వచ్చావు? చివరి అధ్యాయం అక్కడే ఆగిపోయింది. అది చెప్పావంటే పుస్తకం మొదటి పేజీలో నీ పేరు వేస్తా."

మొదటి పేజీలో! నా పేరు అచ్చులో చూసుకున్నది పెళ్ళి శుభలేఖ మీద ఒక్కసారే.

"వేసిన అడుగుల్లోనే కాళ్ళు పెడుతూ వెనక్కి నడిచా" అన్నాను.

"బూడిద కదా బావా... రెండోసారి కాలు పెడితే అంచులు చెదరవూ?"

"అయితే కిటికీ ఊచలు పట్టుకుని పక్కకు దూకా."

"'అయితే' ఏంటి బావా?"

ఛార్జింగ్ అయిపోతోందని పెట్టేశాను.

అప్పట్నుంచి ఇదే ఆలోచన. ఇంట్లో గచ్చు మీద గోధుమపిండి చల్లి నడిచి కూడా చూశాను. సరిగ్గా అప్పుడే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "ఏంటండీ ఇది? ఈ వయసులో!" అంది... తర్వాత అన్నవి ఇక్కడ రాయను.

ఇప్పుడు అక్కడ మిల్లూ లేదు, మేడా లేదు. కల్యాణ మండపం కట్టారు. గుమ్మానికో కెమెరా. లోపలికి వెళ్ళినవాళ్ళూ కనిపిస్తారు, బయటికి వచ్చినవాళ్ళూ కనిపిస్తారు... ఇక పిల్లలు దేన్ని చూసి చొక్కాలు పట్టుకోవాలి?

ఆ మిల్లు వైపు ఆడుకున్నవాళ్ళు, అమ్మో నాన్నో అక్కడ పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే మీ చిన్నప్పటి సంగతులు రాయండి. ముఖ్యంగా, బూడిదలో అడుగు పడకుండా ఆ వసారా దాటి ఎలా రావచ్చో రాయండి. ప్రమీల పోస్టు కింద కాదండోయ్... నా పోస్టు కింద.

ఎందుకు అడుగుతున్నానంటే, పైన రాసిందంతా నిజమే, ఒక్క ముక్క తప్ప. ఆ పొద్దున ప్రమీల పట్టుకున్న చొక్కాలో నేనూ వణుకుతూనే ఉన్నాను... ఆ అడుగులు నావి కావు.