కుర్చీలోంచి లేవడం

మా ఆవిడ మంచాన పడి పోలేదు. ముందు ఈ మాట చెప్పాలి. ఆమె పోయాక బందరులో ఎదురైన ప్రతివాళ్ళూ నాతో అదే అన్నారు. ఇన్నాళ్ళూ మంచాన పడి బాధపడింది పాపం, ఇప్పటికి విముక్తి దొరికింది, అని. ఓదార్పు అనుకునే అన్నారు. నేను తల ఊపలేదు.

ఆమెకు మల్టిపుల్ స్క్లెరోసిస్. నరాల మీద ఉండే పొరను శరీరమే దెబ్బతీసుకునే జబ్బు అది. కదలమని మెదడు చెప్పిన మాట కాలికి సగమే చేరుతుంది, ఒక్కోసారి అసలు చేరదు. ఒళ్ళు వేడెక్కితే ఇంకా కష్టం. చూసేవాళ్ళకి మాత్రం మనిషి బాగానే కనిపిస్తుంది. అందుకని మొదట్లో బద్ధకం అన్నారు, కర్ర పట్టాక పక్షవాతం అన్నారు. జబ్బు పేరు చెబితే విని, 'అదే, నరాల వీక్‌నెస్సు' అని తేల్చేశారు.

విజయవాడలో నరాల డాక్టరు మందులు రాసి, వ్యాయామం మానవద్దన్నాడు. వారం వారం ఫిజియోథెరపీకి రమ్మన్నాడు. రమ్మనడం తేలిక. బస్సు మొదటి మెట్టు ఆమె మోకాలంత ఎత్తు. ఈ జబ్బులో మూత్రం ఆపుకోవడం కష్టం. కర్ర పట్టుకుని నడిచే ఆడమనిషి బస్టాండు మరుగుదొడ్డిలోకి ఎలా వెళ్ళి ఎలా వస్తుందో ఆ డాక్టరూ అడగలేదు, బస్టాండు కట్టినవాళ్ళూ అడగలేదు. వెళ్ళొచ్చిన మర్నాడు పడుకునే ఉండేది, ఆ మర్నాడూ అంతే. వ్యాయామంతో వచ్చిన కాస్త బలం ప్రయాణానికే సరిపోయేది. కోర్టులు, కాలేజీలు, కలెక్టరాఫీసు ఉన్న ఈ ఊళ్ళో ఈ జబ్బు సంగతి తెలిసి వ్యాయామం చేయించే మనిషి ఒక్కరూ నాకు దొరకలేదు. దీని మీద ఊళ్ళో ఇంకెవరికీ కోపం రాకపోవడం నాకు వింతగానే ఉంటుంది.

ఆ ఆస్పత్రిలోనే పనిచేసే ఫిజియోథెరపిస్ట్ అమ్మాయికి మాత్రం ఈ సంగతి అర్థమైంది. మాలాగే రాలేక మానేసినవాళ్ళని పోగుచేసి ఫోనులో వీడియో క్లాసు మొదలుపెట్టింది. అందరికీ ఇదే జబ్బు. గుడివాడ నుంచి బట్టల కొట్టు ఆయన ఒకరు, దివిసీమ నుంచి ఈమధ్యే పెళ్ళయిన అమ్మాయి ఒకతె. ఇంకా ఇద్దరు ముగ్గురు ఉండేవారు గానీ, ఎక్కువ మాట్లాడింది వీళ్ళే. దివిసీమ అమ్మాయి కెమెరా గోడవైపు తిప్పి, గొంతు తగ్గించి మాట్లాడేది. అత్తవారింట్లో జబ్బు పేరు చెప్పలేదట.

"యోగా క్లాసని చెప్పానండీ. యోగా అయితే మంచి కోడలు, జబ్బయితే పుట్టింటికి పంపేస్తారు," అంది మొదటి రోజే.



క్లాసు మొదట పదకొండింటికి పెట్టారు. "పదకొండింటికి బందరులో కాళ్ళు కాదమ్మా, మాటే పైకి లేవదు," అంది మా ఆవిడ. పొద్దున్నే ఆరింటికి మార్చారు. గుడివాడ ఆయన గోలపెట్టాడు.

"ఆరింటికి నేను నిద్రలో ఉంటానండీ. పోనీ, పడుకుని చేసేవి ముందు పెట్టండి."

"ముందు మీ కెమెరా పైకి జరపండి బాబాయిగారూ. పొట్ట తప్ప ఏమీ కనపడట్లేదు," అంది దివిసీమ అమ్మాయి.

"అందరికంటే ముందు లేవాల్సింది అదే కదమ్మా!"

అన్నిటికంటే ముఖ్యమైన వ్యాయామం కుర్చీలోంచి లేవడం. ప్లాస్టిక్ కుర్చీ జారుతుందని మా నాన్నగారి టేకు కుర్చీని గోడకి ఆనించి వేశాను. పాదాలు వెనక్కి లాక్కోవాలి, నడుము ముందుకు వంచాలి, బరువంతా పాదాల మీదికి తేవాలి, అప్పుడు లేవాలి. మామూలు మనుషులం ఇదంతా చేస్తున్నామని తెలియకుండానే చేసేస్తాం. పడితే పట్టుకోవడానికి ప్రతి ఇంట్లో ఒకరు పక్కన నిలబడాలని నియమం. మా ఇంట్లో నేను. ఆమె ముందుకు వంగగానే నా చేతులు వెళ్ళి ఆమెను లేపేసేవి.

"సార్, చేస్తున్నది ఆవిడా, మీరా? చేతులు జేబుల్లో పెట్టుకోండి," అంది ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి.

"లుంగీకి జేబులుండవమ్మా."

"అయితే వెనక్కి కట్టుకోండి."

బళ్ళో పిల్లాడిలా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాణ్ణి. అదేమంత సులువు కాదు.

ఇదంతా దేనికి చేస్తున్నారో చెప్పమని ఆ అమ్మాయి ఒకరోజు అందరినీ అడిగింది. కొట్లో పరుపు మీంచి లేచి పై అరలో చీర తానే తీసి చూపించాలన్నాడు గుడివాడ ఆయన. అత్తగారి ముందు తొణక్కుండా కాఫీ తీసుకెళ్ళాలంది దివిసీమ అమ్మాయి. మా ఆవిడ చివర్న చెప్పింది.

"గుడిలో, అంటే మా చర్చిలో, విశ్వాస ప్రమాణం అందరూ నిలబడి చెబుతారు. నేను నమ్ముతున్నాను అని కూర్చుని చెప్పడం నాకు బాగాలేదు. ఆ కాసేపూ నిలబడాలి."

నడిచి చర్చికి వెళ్ళాలని కాదు, జబ్బు తగ్గాలని కాదు. ఆ కాసేపు నిలబడాలి. అంతే అడిగింది.

మా చర్చిలో ఆమెకి ప్రత్యేకంగా చేతుల కుర్చీ వేసేవారు, నడవ పక్కన, ఫ్యాను కింద. ఆ కుర్చీ వేయించింది సంఘ పెద్ద భార్య. మా ఆవిడ ఆమెను వదినా అనేది, నేను అక్కయ్యగారూ అంటాను. మంచి మనిషే. జబ్బు తెలిసిన దగ్గర్నుంచీ ఆమె, ఆమెతో పాటు మరికొందరూ మా ఇంట్లో ప్రార్థన పెట్టేవారు, పులిహోర పంపేవారు. మా ఆవిడ చేతిలో పని కనిపిస్తే లాక్కునేవారు. చిక్కుడుకాయలు ఈనె తీస్తుంటే పళ్ళెం పట్టుకుపోయారు ఒకసారి. 'నువ్వు కూర్చోమ్మా' అన్నమాట మా ఇంట్లో రోజూ వినిపించేది. ఆ మాట అన్నవాళ్ళందరూ ఆమెకి వ్యాయామం దండగ అని కూడా అన్నారు. జబ్బు మనిషికి విశ్రాంతి కావాలి గానీ ఈ గుంజీళ్ళేమిటి అన్నారు.

ఎండాకాలం అంతా ఆమె లేవలేకపోయింది. తడి తువ్వాలు మెడకి చుట్టుకుని క్లాసులో కూర్చునేది. కరెంటు పోతే చేతుల వ్యాయామాలు మాత్రం చేసి ఊరుకునేది. వానలు పడ్డాక కాళ్ళు మళ్ళీ మాట వినడం మొదలుపెట్టాయి. ఒక పొద్దున ఆమె ముందుకు వంగింది, కుర్చీ చేతుల్ని ముట్టుకోలేదు, లేచింది. వణుకుతూ నిలబడింది. నా చేతులు వెనకే ఉన్నాయి.

"ఏదీ చెల్లెమ్మా, ఇంకోసారి! నా ఫోను అప్పుడే ఆగి చచ్చింది," అన్నాడు గుడివాడ ఆయన.

"అయితే మీ ఫోనుకి వ్యాయామం చేయించండి," అంది మా ఆవిడ. కానీ ఇంకోసారి లేచింది.

ఆ ఆదివారం నేను మగవాళ్ళ వైపు నుంచి చూస్తున్నాను. విశ్వాస ప్రమాణానికి అందరూ లేచారు. ఆమె పాదాలు వెనక్కి లాక్కుంది, వంగింది, కుర్చీ మీంచి కొంచెం పైకి వచ్చింది. పక్కనున్న అక్కయ్యగారు ఆమె భుజం మీద చెయ్యి వేసి కిందకి నొక్కింది. "కూర్చోమ్మా, నువ్వు లేవక్కర్లేదు. దేవుడికి తెలుసు." ఆ జబ్బులో అంత చిన్న బరువు చాలు. కూలబడింది.

ఆ తర్వాతి ఆదివారం కూడా అంతే జరిగింది. మా ఆవిడ ముందుగానే చెప్పింది, నేను లేస్తాను వదినా అని. సరేనమ్మా అంది ఆవిడ. సమయానికి చెయ్యి మళ్ళీ భుజం మీదికి వచ్చింది.

మూడోసారి, అందరూ లేచి పాస్టరు అయ్యగారు ఇంకా మొదలుపెట్టని క్షణంలో, మా ఆవిడ గొంతు గుడంతా వినిపించింది.

"చెయ్యి తియ్యండి వదినా."

చెయ్యి లేచింది. ఆమె కూడా లేచింది. చివరి ఆమెన్ దాకా నిలబడింది.

బయటికి వచ్చాక ఒక్కరూ ఆ నిలబడటం గురించి మాట్లాడలేదు. గుడిలో గొంతెత్తిందని మాట్లాడారు. జబ్బు మనిషికి అంత పొగరేమిటన్నారు. అక్కయ్యగారు గేటు దగ్గర కళ్ళు తుడుచుకుంటూ నిలబడింది.

"పడతావేమోనని కదా పట్టుకున్నాను. నేనేమన్నా శత్రువునా?"

"పడితే లేపుదురుగానీ వదినా. లేస్తుంటే కూలెయ్యకండి."

మా ఆవిడ ఇంటికి వచ్చి క్లాసువాళ్ళకి ఫోనులో కబురు పెట్టింది, నిలబడ్డాను అని. ఆ తర్వాత చేతనైన ఆదివారాలు నిలబడింది. చేతకానినాడు కూర్చుంది. ఏ రోజు ఏది అన్నది ఆమే చూసుకుంది.

మరుసటి ఏడాది జ్వరం వచ్చింది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్. జ్వరంతో కాళ్ళు పూర్తిగా పడిపోయాయి. ఊళ్ళో చేర్పించిన నర్సింగ్ హోములో డ్యూటీ డాక్టరు పాత కాగితాలు చూసి, "ఈ జబ్బు ముదిరితే ఇంతేనండీ" అన్నాడు. మొన్నటిదాకా లేచి నిలబడిన మనిషి అని చెప్పాను. నమ్మినట్టు కనిపించలేదు. జ్వరానికి కారణం వెతికేసరికి ఆలస్యమైంది. విజయవాడ తీసుకెళ్ళాక అక్కడివాళ్ళు చేయగలిగింది చేశారు. ఆమె మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో పోలేదు. ఆ పేరు చూసి మిగతావన్నీ చూడటం మానేసినందువల్ల పోయింది. ఆ వ్యాయామాలే ప్రాణం తీశాయని అన్నవాళ్ళు కూడా ఉన్నారు.

పోయినవారి ఇంటివాళ్ళని ఓదార్చే ఆదరణ కూడిక మా ఇంటి ముందు షామియానా కింద జరిగింది. బయటి ఊరి నుంచి వచ్చిన వక్త ప్రసంగించాడు. ఆయన ఆమెను ఎన్నడూ చూడలేదు. "కూర్చున్న చోటు నుంచి లేవలేని మన సహోదరి ఈనాడు పరలోకంలో పరుగెడుతోంది," అన్నాడు. చాలామంది ఆమెన్ అన్నారు. ఆమె పరుగు కోరలేదు. కోరినదాన్ని ఇక్కడే, ఈ ఊళ్ళోనే, తన కాళ్ళతో సాధించుకుంది. అది చెప్పడానికి మా అయ్యగారు కూడా నోరు తెరవలేదు.

వెనక వరసలో గుడివాడ ఆయన ఉన్నాడు. పొద్దున్నే కారు మాట్లాడుకుని, కర్రతో వచ్చాడు. మా మతం కాదు, మా పాటలు రావు. చివర్లో అయ్యగారు విశ్వాస ప్రమాణానికి లేవమన్నారు. అందరం లేచాం. వెనక్కి తిరిగి చూస్తే ఆయన పాదాలు వెనక్కి లాక్కుంటున్నాడు. ఫోనులో కనిపించిన ఆ పొట్ట ముందుకు వంగింది. పక్కనున్న అక్కయ్యగారు గబుక్కున ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"మీరు కూర్చోండి అన్నయ్యగారూ, మీరు లేవక్కర్లేదు."

"అక్కయ్యగారూ, చెయ్యి తీయండి," అన్నాను.

ఆవిడ నావైపు చూసింది. గుర్తొచ్చినట్టుంది. చెయ్యి తీసేసింది. అయ్యగారు అప్పటికే మొదటి మాట ఎత్తుకున్నారు.

"అయ్యగారూ, ఆగండి. ఆయన లేవాలి."

షామియానా కింద అందరూ తలలు తిప్పి చూశారు. ఎవరో సాయం చేయబోతే వద్దన్నాను. ఆయన ఒకసారి లేవబోయి కూర్చున్నాడు, మళ్ళీ వంగాడు. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఆయన లేచి, కర్ర మీద కుదురుకుని, కానివ్వండి అన్నట్టు తల ఊపాడు.

అప్పుడు మొదలుపెట్టారు.