మా మేనత్త ఒప్పుకోని కట్టె

మా మేనత్త పోయిందని మంథని దగ్గరి ఊరి నుంచి ఫోన్ వచ్చినప్పుడు, ఏడుపు కంటే ముందు నాకు తట్టిన మాట ఒకటే. ఆమె పోయింది, ఆయన ఇంకా ఉన్నాడు. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మనసు మెత్తగా ఉండాలంటారు. నాది అలా లేదు. ఉన్నట్టు నటించడం అత్తకు నచ్చేది కాదు కాబట్టి ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

ఆయన అంటే అత్తకు మరిది, నాకు చిన్నమామ. ఆయన సంగతి తర్వాత. ముందు ఆమె పొయ్యి సంగతి చెప్పాలి.

మా వైపు నుంచి గల్ఫ్ పోయేవాళ్లు మాంసం ఒరుగులు లేకుండా ఇల్లు కదలరు. మాంసాన్ని పొడుగు ముక్కలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, ఎండలో ఆరబెట్టి, ఆ తర్వాత పొయ్యి మీది దండేనికి వేలాడదీసి సన్నని పొగ పట్టిస్తే చాలాకాలం నిలుస్తాయి. కోయడం, ఎండబెట్టడం ఊళ్లో అందరికీ వచ్చు. పొగ పట్టించడానికి మాత్రం అందరూ అత్త దగ్గరికే తెచ్చేవాళ్లు, ఎందుకంటే కట్టె ఎంచడంలో ఆమె ఎవరి మాటా వినేది కాదు.

నిప్పుకు తుమ్మ, పొగకు జామ. తుమ్మకు బెరడు ఒలవాల్సిందే, లేకపోతే ముక్కలకు మసి పడుతుంది. జామకొమ్మ ఒక ఎండాకాలమన్నా చూరు కింద ఆరాలి. వేపను దగ్గరికి రానిచ్చేది కాదు. ఊరంతా పత్తికట్టె కుప్పలున్నా ముట్టేది కాదు, దాని మీద ఎన్ని మందులు కొట్టారో ఎవరికి తెలుసని. జామతోటలో కొమ్మలు నరికే రోజు తెలుసుకుని పొద్దున్నే అక్కడ వాలి, తోటాయనను నిలదీసేది.

“మందు ఎప్పుడు కొట్టినవ్? నా మొకం జూసి చెప్పు.”

కొత్త కట్టె ఏది వచ్చినా ముందు ఒక పుల్ల ముట్టించి, దాని పొగలో పిడికెడు అన్నం పట్టి, ఆ అన్నం నోట్లో వేసుకునేది. నచ్చితే మాట్లాడేది కాదు. నచ్చకపోతే ఉమ్మేసి, ఆ కట్టె తెచ్చినవాడు చూస్తుండగానే దాన్ని స్నానాల కాగు కిందికి తోసేది.

“పొగ గూడ కూరనే బిడ్డా. కండ్లకు కనవడదు గని కడుపులకే పోతది,” అనేది నాతో.

ఇక చిన్నమామ. ఆయన కొడుకు దుబాయ్ పోతున్నాడు. అత్తకు పిల్లలు లేరు, ఆ పిల్లవాణ్ని సంకనెత్తుకుని పెంచింది ఆమే. ఆ ఒరుగుల కోసం కట్టె ముందే ఆరబెట్టుకుంది. అప్పుడే చిన్నమామ వాళ్ల పాత ఇల్లు కూల్చారు. దర్వాజలు, కిటికీ చౌకట్లు కుప్పపడ్డాయి. అన్నీ టేకు. నలుగురిలో మాట గొప్పగా ఉండాలి ఆయనకు.

“నా కొడుకు మాంసానికి తుమ్మ కట్టె ఏంది వదినె? టేకు వెట్టు, టేకు! టేకు కన్న మంచి కట్టె ఉంటదా?”

“రంగులేసిన కట్టె అది. చెదలమందు తాగిన కట్టె. నా పొయ్యిల వెట్ట,” అంది అత్త.

ఆ వారమే నా కానుపు వచ్చింది. అత్త ఆదిలాబాద్ వచ్చి నా దగ్గర ఉంది. ఆమె లేని అదను చూసి, ఆమె పొయ్యిలోనే, ఆ చౌకట్లు కాల్చి పొగ పట్టించాడాయన. ఆమె తిరిగి వెళ్లేసరికి ఒరుగులు విమానమెక్కాయి. బూడిద ఎత్తితే మేకులు దొరికాయట. ఫోన్ చేసి “మేకులున్నయే పిల్లా, బూడిదల మేకులు” అంటూ ఏడ్చింది. ఆమె ఏడవగా నేను విన్నది ఆ ఒక్కసారే.

అక్కడ పిల్లవాడూ, గదిలో అతనితో ఉన్నవాళ్లూ తిని వాంతులతో ఆసుపత్రి పాలయ్యారు. కబురు ఇక్కడికి రాగానే చిన్నమామ ఊరందరి ముందు ఏమన్నాడో తెలుసా? “మా వదినె చెయ్యి మంచిది గాదు.” అంతే. ఆదిలాబాద్ పోయేముందే ఆమె పొగ పట్టించి పెట్టిందనుకుంది ఊరు. ఆ తర్వాత ఎవరూ ఆమె గడపకు మాంసం తేలేదు. పిల్లవాడు సెలవుకు వచ్చినా పెద్దమ్మ ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు.

ఊరికి నిజం చెప్పమని నేను ఎంత గోల పెట్టినా అత్త వినలేదు.

“నేను చెప్పుకుంటే సంజాయిషీ అయితది. వాని నోటితోని వాడే చెప్పాలె.”

అలాగని ఊరుకునే మనిషి కాదు. చిన్నమామ ఇంటికి చుట్టాలు వచ్చిన రోజు, గాలి అటు మళ్లిందో లేదో చూసుకుని మంచి జామకొమ్మ మీద తన కోసం ఒరుగులు పెట్టేది. ఆ వాసనకు చుట్టాలు అరుగు మీద కూర్చుని ఎక్కడిదని అడుగుతుంటే ఆయన గుటకలు మింగేవాడు. విందుల్లో ఎదురుపడితే, “ఏం కట్టె మీద వండిండ్రో అడిగినవా మరిదీ?” అనేది నవ్వుతూ. ఆ నవ్వుకు ఆయన విస్తరి ముందు నుంచి లేచిపోయేవాడు. నాకు మాత్రం కడుపు నిండేది.

మూడో రోజు గోదావరి ఒడ్డున పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తరిలో పెడితే కాకి ముట్టాలి, అప్పటిదాకా ఎవరూ తినకూడదు. అత్త నాకు పంపిన ఒరుగులు డబ్బాతో తీసుకెళ్లి కొన్ని అందులో పెట్టాను. కాకులు వచ్చాయి, చుట్టూ తిరిగాయి, దిగలేదు. దిగవు. నేను విస్తరి పక్కనే నిలబడి ఉన్నాను, కొంగు గాలికి ఎగురుతూనే ఉంది.

“జర ఎనుకకు జరుగు బిడ్డా,” అన్నారెవరో.

“నేను జరగ. ఆమెకు ఎవరి మీదనో కోపమున్నది, అడుగుండ్రి,” అన్నాను.

ఒక్కొక్కరే వచ్చి మొక్కారు. ఎండ ముదిరింది. ఆకలితో జనం గొణగడం మొదలుపెట్టారు. అందరి చూపూ చిన్నమామ మీదికి పోయింది. చెప్పులు విడిచి కాలే ఇసుకలోకి వచ్చాడు.

“వదినె, తప్పుంటే మాఫ్ చెయ్యి.”

“ఏం తప్పు మామా?” అన్నాను.

నా వంక చూశాడు. నేను చూపు తిప్పలేదు. కాళ్లు మార్చి మార్చి పెడుతున్నాడు.

“గా దర్వాజ కట్టెలు… నేనే పెట్టించిన. వదినె ఊర్లనే లేకుండె. ఆమె వద్దన్నది. ఆమె చెయ్యి మంచిదే.”

“ఎనుకున్నోళ్లకు ఇనరాలే మామా.”

మళ్లీ చెప్పాడు, గట్టిగా, ఏడుస్తూ. అప్పుడు వెనక్కి జరిగాను. కాకి దిగింది. అత్త శాంతించిందని జనం చేతులు జోడించారు. శాంతించిందో లేదో నాకు తెలియదు, నేనైతే లేదు.

సెలవు మీద వచ్చిన ఆయన కొడుకు జనంలోంచి నా దగ్గరికి నడిచి వచ్చాడు. అడగకుండానే డబ్బాలోంచి ఒక ఒరుగు తీసి నోట్లో పెట్టుకున్నాడు. కన్నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా, తండ్రి ముఖం వంకే చూస్తూ, నెమ్మదిగా నమిలాడు. అది నలిగేదాకా చిన్నమామ ఆ ఇసుకలోనే, తల దించుకుని, ఉత్త కాళ్లతో నిలబడి ఉన్నాడు.