కళాయి ఇస్సాకు, రెండు గిన్నెలు

ధూల్‌పేటలో కాపురం, బేగంబజార్ సందులో కొలిమి. కళాయి ఇస్సాకు బతుకంతా ఆ రెంటి మధ్యనే నలిగింది. ఇత్తడి గిన్నెను కాల్చి, నవసాగరం చల్లి, తగరం రాసి, దూదితో ఒక్క విసురు తుడిచేవాడు. నవాబుల దేవిడీల నుంచి వచ్చిన పెద్ద వంట డేగిసాలకూ కూలివాళ్ళ గిన్నెలకూ అదే తగరం.

ఆదివారాలు మాత్రం అతనికి కొలిమి పనికన్నా బరువు. భార్య మాణిక్యమ్మతో పురానాపూల్ మలుపు దాకా నడిచి, అక్కడ విడిపోవాలి. ఆమెది వాగులో ముంచి బాప్తిస్మమిచ్చే సంఘం. ఇతనిది పసిబిడ్డ నెత్తిన నీళ్ళు చిలకరించే సంఘం. మునగనివాడికి ఆమె సంఘంలో ప్రభుబల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఒక్కసారైనా ఆమె పక్కన కూర్చుని ఆ రసం తాగాలని ఇస్సాకు కోరిక. మిషన్లన్నీ ఒకటవుతాయని పాదిర్లు ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నారు. దేశం రెండు ముక్కలైన నలభై ఏడులోనే, చిత్రంగా, కొన్ని ఒకటయ్యాయి. ఇతని సంఘం కలిసింది. ఆమెది కలవలేదు.

ఆ ఏడే ఇస్సాకు ఒక పొరపాటు చేశాడు. రెండు సంఘాల ప్రభుబల్ల గిన్నెలకూ ఈస్టరు ముందు కళాయి వేసేది అతనే. ఒకే దుకాణంలో కొన్న జోడు గిన్నెలవి. ఆ ఈస్టరుకు అవి తారుమారయ్యాయి. ఆరు నెలలు వీళ్ళ గిన్నెలో వాళ్ళు, వాళ్ళ గిన్నెలో వీళ్ళు తాగారు, ఎవరికీ తెలియలేదు. చివరికి తన గుడిలో గిన్నె అడుగున నొక్కు చూసి ఇస్సాకే పోల్చుకున్నాడు. తెలిస్తే నవ్వుకుని మెత్తబడతారనుకుని, ఆమె సంఘపు పెద్ద ఆగయ్యకు తనే చెప్పేశాడు.

ఆగయ్య నవ్వలేదు. మర్నాడే తమ అసలు గిన్నె మార్చి తెచ్చుకుని కొలిమి ముందు పెట్టి, మునగనివాళ్ళు తాగినదని మళ్ళీ కళాయి వెయ్యమన్నాడు.

"మన తాతలకు దొరలు చెంబియ్యకపాయె, దోసిట్ల నీళ్ళు పోసిరి," అన్నాడు ఇస్సాకు. "ఇయ్యాల నువ్వు గిన్నె ఏరంటవా ఆగన్నా?"

"గది ఏరు, గిది ఏరు. నువ్వు మునిగి రా, నా చేత్తోనే ఇస్త."

"గత్తరొచ్చి ఊరంత సచ్చే రోజులల్ల మా అవ్వ నన్ను పొత్తిళ్ళల్ల జుట్టుకొని పాదిరి కాడికి ఉరికి నెత్తిన నీళ్ళు సల్లిచ్చింది. గా నీళ్ళు ఉత్తయంటే, మా అవ్వ ఉత్తదన్నట్టే గదా."

ఆగయ్య కళాయి అయ్యేదాకా నిలబడి, గిన్నె పట్టుకుపోయాడు.

ఆ తర్వాతి ఆదివారం ఇస్సాకు మలుపు దగ్గర ఆగలేదు. తన గుడికి పోయే ఓపిక లేక భార్య వెంటే నడిచి, ఆమె గుడిలో వెనక బల్ల మీద ఆమె పక్కనే కూర్చున్నాడు. రొట్టె వచ్చింది, గిన్నె వచ్చింది. రెండూ అతన్ని దాటి మాణిక్యమ్మ ముందుకు పోయాయి. ఆమె చెయ్యి చాపలేదు. ఆగయ్య కాసేపు గిన్నె పట్టుకుని నిలబడి, పక్క వరుసకు కదిలాడు.

బయటికి వచ్చాక ఇస్సాకు కసిరాడు. "నీకేమైందే? నువ్వన్న తాగకపోతివి?"

"నాకు దప్పిగాలే," అంది మాణిక్యమ్మ. "నడువు, ఎండైతుంది."