లింగన్న గొంతుతో పంపిన మాట

దగ్గరికి జరిగి కూర్చోండి. గట్టిగా చెప్పగలిగే సంగతి కాదు. ఆరేళ్లుగా నా గొంతులో చనిపోయినవాడి గొంతు ఒకటి ఉంది. ఇక మోయలేను.

రియాద్‌లో, సులై అనే చోట కూలీల క్యాంపులో నేను వంటవాణ్ణి. అయిదో తరగతి దాటలేదు. కానీ ఒకసారి విన్న కథ మరచిపోను, ఎవరి గొంతైనా అచ్చంగా పలికిస్తాను. శుక్రవారం భోజనాలయ్యాక మావాళ్లు కథ అడిగేవారు. ఒక శుక్రవారం, మాతో పనిచేసిన చైనా వెల్డరు వచ్చీరాని ఉర్దూలో చెప్పిన కథ ఎత్తుకున్నాను.

వాళ్ల దేశంలో ఒకప్పుడు ఎవరికి వారే రాజులట. అందరినీ గెలిచిన ఒకడికి రాజన్న పిలుపు చాలలేదు. పూర్వపు దేవుళ్ల బిరుదుల్లోంచి ఒక మాట, మహారాజుల బిరుదుల్లోంచి ఒక మాట తీసి కలిపి, హ్వాంగ్‌దీ అనిపించుకున్నాడు. తను మొదటి చక్రవర్తి, తన వెనక రెండో వాడు, మూడో వాడు, అలా పదివేల తరాలన్నాడు. ప్రయాణంలోనే ప్రాణం పోయింది. మంత్రీ, అంతఃపుర సేవకుడూ ఆ చావు దాచారు. శవమున్న బండిలోకి వేళకు భోజనం పంపారు. వాసన తెలియకుండా ఉప్పుచేపల బండ్లు వెంట నడిపించారు. సరిహద్దులో ఉన్న పెద్దకొడుక్కి, చచ్చిపొమ్మని తండ్రి ముద్రతో దొంగ ఉత్తరం పంపారు. మళ్లీ ఒకసారి అడిగి చూడమని సేనాపతి బతిమాలినా వినక, తండ్రి మాటేనని ఆ కొడుకు ప్రాణం తీసుకున్నాడు.

మా గదిలోని జగిత్యాల అన్నదమ్ముల్లో చిన్నవాడు రాజేశం ఎగిరిపడ్డాడు.

"గదేందే అన్నా! ఒక్కపారి మళ్ల అడగొద్దా? ఉత్త పిచ్చోడున్నట్టున్నడు!"

పెద్దవాడు లింగన్న నవ్వాడు. "నేను చెప్తే నువ్వు మళ్ల అడుగుతవారా?"

"నువ్వు చెప్తే ఎందుకడుగుత?"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

తర్వాత నెలకే రాజేశాన్ని దూరాన సరిహద్దులో ఉన్న ఖఫ్జీ ఊరికి పనికి పంపారు. అతను అక్కడ ఉండగా ఇక్కడ లింగన్న కుప్పకూలాడు. ఆసుపత్రిలో చేర్చాం. మాట పడిపోయింది, చూపు మాత్రం తలుపు మీదే. రాజేశానికి ఫోన్ చేసి, అన్న ఆసుపత్రిలో ఉన్నాడని మాత్రం చెప్పింది నేనే. బయలుదేరుతున్నానన్నాడు.

క్యాంపు బాస్ నన్ను పిలిచాడు. ఖఫ్జీ పని ముగిసేదాకా మనిషి కదలకూడదన్నాడు. అతన్ని ఆపితే నా ఛుట్టీ కాగితం మీద, అంటే ఇంటికెళ్లే సెలవు మీద, సంతకం పెడతానన్నాడు. నేను ఇంటికి వెళ్లి నాలుగేళ్లు. అదొక్కటే కారణమా? ఆ గొంతు నేను పలికించగలనన్న గర్వం కూడా లేదూ?

లింగన్న ఫోన్ నా దగ్గరే ఉంది. వంటగది తలుపు మూసి, అతని దగ్గుతో సహా మాట రికార్డు చేసి రాజేశానికి పంపాను. "తమ్మీ, నాకు మంచిగనే ఉన్నది. పని ఇడిసిపెట్టి రాకు."

రాజేశం మళ్లీ అడగలేదు.

మూడో రోజు లింగన్న తలుపు వైపే చూస్తూ పోయాడు. మాట ఆఖరి రోజే పడిపోయిందని రాజేశానికి చెప్పాం. నమ్మాడు. నేను ఛుట్టీ మీద ఇంటికెళ్లి వచ్చాను.

రాజేశం ఆ మెసేజ్ దాచుకున్నాడు. ఏటా అన్న పోయిన రోజున నా పక్కన కూర్చుని, అన్న ఆఖరి మాట అంటూ వినిపిస్తాడు. నా గొంతు విని నా భుజం మీదే ఏడుస్తాడు. పోయినసారి కళ్లు తుడుచుకుని, ఆ చైనా రాజు కథ మళ్లీ చెప్పమన్నాడు. మరచిపోయానన్నాను. విన్న కథ నేను మరచిపోనని ఎరిగినవాడు, నన్ను చాలాసేపు చూశాడు.

అతనికింకా చెప్పలేదు. మీకు చెప్పాను. ఇన్నేళ్లకు ఈ కాసేపు నా గొంతు నాదిగా ఉంది.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పెద్దల మాట వాళ్ల నోటి నుంచే మీ చెవిన పడాలి.