చీనీ తోట కంచెలో గోధుమ రంగు చిమ్మటలు

జూలై మొదటి వారంలో, వేంపల్లె దగ్గర చీనీ (బత్తాయి) తోట ఉన్న మస్తాన్ నాకొక ఫోటో పంపాడు. తోట కంచె మీద అరచేయంత గోధుమ రంగు చిమ్మట. కిందటేడు పండ్ల రసం పీల్చే రెక్కల పురుగు అతని కాయను సగం రాల్చేసింది. ఇదీ అదేనని అతని భయం. "రేపు పది గంటలకు లారీ రమ్మన్నానన్నా. పచ్చికాయే కోసేస్తా" అన్నాడు ఫోన్‌లో. ఆ కాయ ఇంకా మూడు వారాలు చెట్టు మీద ఉండాలి. వ్యవసాయ వార్తలు చాలా ఏళ్లుగా రాస్తున్నాను. ఫోటో చూస్తే ఇది ఆ పురుగు కాదేమోనని అనుమానం వచ్చింది గానీ, ఫోటోను నమ్ముకుని ఒకరి పంట మీద మాట చెప్పలేను. ఆ మధ్యాహ్నమే బయల్దేరాను.

కర్నూలు నుంచి కడపకు బస్సులో ఐదు గంటలు, అక్కడి నుంచి వేంపల్లెకు గంటన్నర. లాడ్జి గది ఆరు వందలు. పొద్దున ఆరింటికి రానుపోను మూడు వందలకు ఆటో మాట్లాడుకున్నాను.

"యాడికప్పా ఇంత పొద్దున?" అన్నాడు డ్రైవర్. చిమ్మటను చూడ్డానికి కర్నూలు నుంచి వచ్చానని చెప్పాను.

"పురుగును సూసేకి కర్నూలు నుంచి వస్తివా? మా ఇంట్లో బియ్యం డబ్బా మూత తీస్తే సాలు, శానా ఉండాయి!"

కొండ వాలు దగ్గర తోట. మస్తాన్, అతని భార్య హుసేన్‌బీ కంచె దగ్గరే నిలబడి ఉన్నారు. కొత్తగా వేసిన రేగు కంప మీద ఏడు చిమ్మటలు కనిపించాయి. ఒకదాన్ని పుల్ల మీదికి ఎక్కించుకున్నాను. రసం పీల్చే పురుగుకు పై రెక్కలే గోధుమ రంగు. విప్పితే లోపలి రెక్కలు పసుపుగా, నల్లమచ్చలతో ఉంటాయి. దీనికి నాలుగు రెక్కలూ గోధుమే. ఒక్కోదాని నడుమ అద్దంలాంటి గుండ్రటి మచ్చ, అందులోంచి వెనక ఆకు కనబడుతోంది. తల కింద చూశాను. కాయను పొడిచే తొండం లేదు. మస్తాన్‌కు అదే చూపించాను.

"నోరు లేకుంటే ఏం తిని బతుకుతాదన్నా?" అన్నాడు మస్తాన్.

"ఏమీ తినదు. వారం పది రోజులుంటుంది, గుడ్లు పెట్టి పోతుంది."

"మరి మా తోటకే ఎందుకొచ్చినాయి?" అంది హుసేన్‌బీ.

జవాబు కంపలోనే దొరికింది. కోడిగుడ్డంత బూడిద రంగు గూళ్లు, తొడిమతో కొమ్మకు వేలాడుతున్నాయి. కొన్నింటికి పైన రంధ్రం. ఎండాకాలంలో మస్తాన్ కొండ మీద కొట్టుకొచ్చిన కంప అది.

"కంచె అని పురుగుల్నే బండికెత్తుకొస్తివి! మళ్ల నువ్వే నిద్దర లేకుండా భయపడతాండావు" అని హుసేన్‌బీ నవ్వింది.

నాకు తెలిసిన కీటకశాస్త్ర అధ్యాపకురాలికి ఫోటోలు పంపాను. దసలి పట్టు పురుగేనని ఆమె తేల్చారు. ఎండలన్నాళ్లూ గూట్లో ఉండి, తొలకరి తడి తగిలాక బయటికి వస్తుంది. దాని పిల్ల పురుగులు మద్ది, రేగు ఆకులు తింటాయి. చీనీ జోలికి రావు. అయినా నాలుగు వరుసలు తిరిగి కాయలు చూశాం. ఒక్కదానికీ పొడిచిన గుర్తు లేదు.

తొమ్మిదిన్నరకు మస్తాన్ ఫోన్ తీశాడు. "ఈ పొద్దు లారీ వద్దప్పా. కాయ పండనీ." తర్వాత గట్టు మీద కూలబడి, వరసగా రెండు గ్లాసుల టీ తాగాడు.

ఒకసారి నష్టపోయిన రైతుకు గోధుమ రంగు రెక్క ఏది కనబడినా శత్రువే. అతని భయంలో తప్పు లేదు. కోసేసిన కాయను మాత్రం మళ్లీ చెట్టుకు అతికించలేం కదా. మీరూ ఈ చిమ్మటను చూడాలనుకుంటే తొలకరి పడిన పది రోజుల్లో, పొద్దున ఏడు గంటలలోపు రేగు, మద్ది కొమ్మలు వెతకండి. ఫోటో తీసేటప్పుడు రెక్కలతో ఆగకుండా తల కింది భాగం కూడా తీయండి. భయపడాలా వద్దా అన్నది అక్కడే తేలుతుంది.