ఆధార్ కార్డులో పెద్దమ్మ

మా బావకు గోవా వెళ్లాలని బుద్ధి పుట్టింది. ఆయన పుట్టి పెరిగింది కోస్తాలో, సముద్రం పక్కనే. చిన్నప్పుడు ఆ ఇసుకలోనే పొర్లాడి ఉంటాడు. కానీ ఆ సముద్రం ఆఫీసులో చెప్పుకోవడానికి పనికిరాదు కదా! హైటెక్ సిటీలో సోమవారం పొద్దున కాఫీ మెషిన్ దగ్గర నిలబడి "ఊరెళ్లొచ్చానండి" అంటే ఎవడు తల తిప్పుతాడు? గోవా అంటే నలుగురూ తిప్పుతారు.

వెళ్లేది నలుగురం: అక్క, బావ, నేను, పెద్దమ్మ. దీనికి ఆయన చేసిన హడావుడి అంతా ఇంతా కాదు. వాట్సాప్‌లో ఒక గ్రూపు, ఒక ఎక్సెల్ షీటు, రోజూ రాత్రి అన్నం దగ్గర ఒక రివ్యూ. అన్నిటికన్నా చవకైన విమానాన్ని వెతికి పట్టాడు. మోకాళ్లు గడ్డానికి తగిలే సీట్లు, అడుగడుగునా విడిగా డబ్బులు గుంజే విమానం. సంచి ఏడు కిలోలు దాటకూడదట. కొక్కెం ఉన్న చేతి తూకం ఒకటి తెప్పించి వారం పాటు ఇంట్లో కనిపించిన ప్రతిదాన్నీ తూచాడు. తన సంచి బరువు తగ్గించుకోవడానికి ఒక జీన్స్ ప్యాంటు మీద ఇంకో జీన్స్ ప్యాంటు ఎక్కించి, మే నెల ఎండలో జాకెట్ తొడుక్కుని బయల్దేరాడు మహానుభావుడు. టీమ్ లీడట!

పెద్దమ్మ అంటే మా నాన్నకు వదిన. నార్సింగి ఇంకా పల్లెటూరుగా ఉన్న రోజుల్లో అక్కడికి కోడలుగా వచ్చింది. పిల్లలు లేరు. పెద్దనాన్న పోయి చాలాకాలమైంది. అమ్మ ఉద్యోగానికి పోతే నన్నూ అక్కనూ సాకింది ఆమే. ఇప్పుడు గచ్చిబౌలిలో అద్దాల బిల్డింగుల వెనక టిఫిన్ బండి నడుపుతోంది. ఆమె సముద్రం చూడలేదు. "ఒక్కపారి చూడాలె బిడ్డా. అవతలి ఒడ్డు కనవడని నీళ్లు ఎట్లుంటయో చూడాలె" అని నా చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. ఆమెను కూడా తీసుకెళ్లాల్సిందేనని పట్టుబట్టింది నేనే. ఆ గొప్ప ఇప్పటికీ చెప్పుకుంటూ తిరిగేదాన్ని, ఆ రోజు గేటు దగ్గర అలా జరగకపోతే.

బండి పెట్టినప్పటి నుంచీ మూడు రోజులు వరసగా మూయడం ఆమెకు అదే మొదటిసారి. కొత్త చెప్పులు కొనుక్కుంది. డబ్బా నిండా సకినాలు చేసింది. మేం క్యాబ్‌లో నార్సింగి చేరేసరికి ఇంటి ముందు సంచి పట్టుకుని నిలబడి ఉంది. బావ దిగగానే ఆ సంచిని కొక్కేనికి తగిలించాడు. లెక్కలోపే ఉంది. అయినా డబ్బా బయటికి తీశాడు.

"అత్తయ్యగారూ, గోవాలో అన్నీ దొరుకుతాయండి."

"సకినాలు దొరుకుతయా?"

డబ్బా పక్కింటికి పోయింది. ఆ ఖాళీలోకి బావ బూట్లు దూరాయి. నాకు ఒళ్లు మండింది. పెద్దమ్మ మాత్రం, "పోనియ్ బిడ్డా, సముద్రం కాడికి పోతున్నం గని సకినాలు తినెటందుకు పోతున్నమా" అని నవ్వింది.

శంషాబాద్‌లో గేటు దగ్గర జవాను అక్కను పంపాడు, నన్ను పంపాడు, రెండు ప్యాంట్ల బావను పైకీ కిందికీ చూసి పంపాడు. పెద్దమ్మ దగ్గర ఆగాడు. ఫోన్‌లో టికెట్ చూశాడు, చేతిలో ఆధార్ కార్డు చూశాడు. టికెట్ ఒకరిది, కార్డు ఇంకొకరిది అని హిందీలో అన్నాడు. కార్డు మీదున్న పేరు పైకి చదివాడు.

అది మా నానమ్మ పేరు. నానమ్మ పోయి పన్నెండేళ్లు.

"పెద్దమ్మా, నానమ్మ కార్డు తెచ్చినవా ఏంది?" అని అక్క నెత్తి కొట్టుకుంది.

పెద్దమ్మ అక్క వైపు చూడలేదు. జవాను ముందు నిటారుగా నిలబడింది. "మేరాచ్ నామ్ హై సాబ్," అంది. మా వైపు తిరిగి, "నాదే. అది నా పేరే" అంది.

అప్పుడు చెప్పింది, పదిమంది ట్రాలీలు తోసుకుపోతున్న చోట. పెళ్లయి వచ్చేనాటికి అత్త పేరూ కోడలి పేరూ ఒకటే. కోడల్ని ఆ పేరుతో కేకేస్తే అత్తను కేకేసినట్టవుతుందట. ఇక తిట్టాలంటే మరీ ఇబ్బంది! పసుపు బట్టలు విడవకముందే నానమ్మ ఆమెకు ఇంకో పేరు పెట్టేసింది. ఊరంతా దాన్నే పట్టుకుంది. మేమూ అదే అసలు పేరనుకున్నాం. నానమ్మ పోయాకైనా ఆమె పేరు ఆమెకు తిరిగి ఇచ్చేద్దామని ఎవరికీ తట్టలేదు. ఊళ్లో ఆధార్ క్యాంపు పెట్టినప్పుడు మాత్రం ఆమె తన పేరే చెప్పిందట. ఆ కార్డు తీసి చూసినవాళ్లు మా ఇంట్లో ఒక్కరూ లేరు.

నేను బావ మీద పడ్డాను. "ఇన్ని షీట్లు పెట్టినవ్, ఇన్ని రివ్యూలు పెట్టినవ్, ఒక్క మనిషి పేరు సరిగ్గ అడగరాదా బావా?"

ఆయన ఫోన్ తీసి గ్రూపు చూపించాడు. 'అందరూ ఆధార్‌లో ఉన్నట్టే పేర్లు పంపండి' అని ఆయన మెసేజ్. దాని కింద పెద్దమ్మ పేరు. పంపింది నేను. ఆమెది బటన్ల ఫోను, గ్రూపులో లేదు. ఒక్క ఫోన్ కొట్టి కార్డు తీసి చూడమంటే అయిపోయేది. పెద్దమ్మ పేరు నాకు తెలియకపోవడమేంటని కొట్టలేదు. అందరి ముందూ సిగ్గుతో చచ్చిపోయాను.

విమానం వాళ్ల కౌంటర్‌లో అమ్మాయి చక్కగా నవ్వింది. ఒకటో రెండో అక్షరాలైతే దిద్దుతారట. మనిషినే మార్చమంటే కుదరదట. కొత్త టికెట్ తీసుకోవాలి, కానీ ఫ్లైట్ ఫుల్. నేను బతిమాలాను, అరిచాను. ఆ నవ్వు చెక్కు చెదరలేదు.

పెద్దమ్మ అక్కడే సంచి విప్పి బావ బూట్లు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"మీరు పోండ్రి. నేను బస్సెక్కి ఇంటికి పోత. నా కోసం పరేషాన్ గాకుండ్రి."

అక్క కళ్లు తుడుచుకుంది. బావ గడియారం చూసుకున్నాడు. నేనూ ఉండిపోతానన్నాను. రెండుసార్లు అన్నాను. ఆమె రెండుసార్లూ వద్దంది. మూడోసారి నేను అనలేదు. ఇంతసేపూ బావను ఎత్తిపొడిచిన నేను కూడా ఆ విమానం ఎక్కానని ఇక్కడ రాసుకోవాలి. గేటు దాటేముందు వెనక్కి తిరిగి చూస్తే, కొత్త చెప్పులు కరిచాయేమో, చేత్తో పట్టుకుని బస్సుల వైపు నడుస్తోంది.

ఫుల్ అన్న విమానంలో నాకూ బావకూ మధ్య సీటు ఖాళీగా వచ్చింది. లేని మనిషి పేరు మీద కొన్న సీటు. బావ జాకెట్ విప్పి దాని మీద పరిచి, "హమ్మయ్య, కాస్త ఫ్రీగా ఉందండి" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. నేను మాత్రం కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

గోవాలో మూడు రోజులూ బావ సముద్రానికి వీపు పెట్టే నిలబడ్డాడు, ఫొటోల కోసం. అక్క చేప ముక్క నోట్లో పెట్టుకుంటూ "పాపం, పెద్దమ్మ ఉంటే బాగుండు" అంది, నిమ్మకాయ అడిగినంత తేలిగ్గా. నాకు ఇద్దరి మీదా అసహ్యం వేసింది. అవతలి ఒడ్డు కనబడని ఆ నీళ్లు చూసినప్పుడల్లా నా మీద ఇంకా ఎక్కువ వేసింది.

సోమవారం పొద్దున జీడిపప్పు పొట్లం పట్టుకుని బండి దగ్గరికి వెళ్లాను. పెద్దమ్మ దోసెలు పోస్తోంది. ఫోన్‌లో సముద్రం చూపించబోతే, "గా డబ్బాల సముద్రం నాకెందుకే" అని మొహం తిప్పుకుంది. కోపం వచ్చిందా అన్నాను.

"ఎందుకు రాదు? బస్సుల కూసొని మస్తు ఏడ్చిన." పెనం మీద నీళ్లు చల్లింది. "గని ఆ జవాను నన్ను నా పేరు పెట్టి పిల్చిండు చూడు. మా అమ్మ పోయినంక ఎవ్వలు పిల్వలే."

మనిద్దరమే వెళ్దాం, ఈసారి టికెట్లు నేనే తీస్తానన్నాను.

"ఏం పేరు రాస్తవ్?"

పెద్దవాళ్లను పేరు పెట్టి పిలిచిన నోరు కాదు నాది. నాలుక తడబడింది. అయినా చెప్పాను. పిండి గరిటె ఆమె చేతిలో అలాగే ఆగిపోయింది.

"ఇంకోపారి అను."

మళ్లీ చెప్పాను. నా వెనక మెడలో ఐడీ కార్డు వేసుకున్న ఒకాయన "ఆంటీ, ఒక ప్లేట్ ఇడ్లీ" అన్నాడు. ఇంకోసారి "ఆంటీ" అన్నాడు. ఆమె పలకలేదు.