కౌజు పిట్టకు కట్టిన ఇళ్ళు

మొన్న పటమటలో సూపర్ మార్కెట్‌కి వెళ్తే గుడ్ల అరలో కౌజు పిట్ట గుడ్లు కనిపించాయి. చుక్కలు చుక్కలుగా, గోళీల కంటే కాస్త పెద్దవి. మా అమ్మాయి డబ్బా ఎత్తి చూసి, "అమ్మా, ఇంత చిన్నవాటిని ఆ పిట్ట ఎలా పొదుగుతుందే?" అంది. "ముందు దానికి కూర్చోవాలనిపించాలిగా!" అన్నాను. ఆ మాట నాది కాదు, మా పెద్దమ్మది. ఇంటికొచ్చేదాకా ఇబ్రహీంపట్నంలో మా పెదనాన్న ఇంటి పెరడే నా కళ్ళ ముందు ఆడింది.

అప్పుడు ఈ పిల్ల నా కడుపులో ఉంది. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి డాక్టరమ్మ మంచం దిగొద్దంది. అమ్మ లేని పిల్లనని పెద్దమ్మ నన్ను తన దగ్గరికి తెచ్చుకుంది. పెదనాన్న థర్మల్ స్టేషన్‌లో చేసి రిటైరయ్యాడు. ఊరందరికీ కరెంటిచ్చిన మనిషికి ఇంట్లో పొద్దుపోక, పోపుల పెట్టె సర్దబోయి పెద్దమ్మ చేత చీవాట్లు తినేవాడు. నాకు కాలక్షేపమని చెప్పి, నా గది కిటికీకి ఎదురుగా మనిషి నిలబడేంత ఎత్తున ఇనుప వల కట్టి, అందులో కౌజు పిట్టలను తెచ్చి వదిలాడు. నిజానికి కాలక్షేపం ఆయనకే. అవి బూడిదలో పొర్లాడి, ఎక్కడ పడితే అక్కడ గుడ్లు పెట్టేసి, వాటి వంక తిరిగి చూసేవి కావు. అమ్మినవాడు ముందే చెప్పాడట, "ఇవి మిషన్లో పుట్టిన పిట్టలండీ, పొదగడం వీటికి చేతకాదు" అని.

ఒకరోజు ఉండబట్టలేక, "పెదనాన్నా, ఒక్క పిట్టయినా గుడ్ల మీద కూర్చుంటే నాకు ధైర్యంగా ఉంటుంది" అన్నాను. ఆయన కొండపల్లి వెళ్ళి, బొమ్మలు చేసేవాళ్ళ చేత తేలిక చెక్కతో చిన్న చిన్న ఇళ్ళు చేయించుకొచ్చాడు. పసుపు గోడలు, ఎర్ర కప్పు, ఆకుపచ్చ గుమ్మం. అది చాలదన్నట్టు ఇంటికో బల్బు. పిట్టలు ఒకసారి తొంగి చూసి మళ్ళీ ఆ ఛాయలకు పోలేదు. ఆయన గుమ్మాలను తూర్పుకు తిప్పాడు. మా ఇంట్లో ఎవరికీ లేని వాస్తు పట్టింపు కౌజు పిట్టలకొచ్చింది. గడ్డిపరక లేకుండా నేల చెక్కి, అస్తమానం వంగి వంగి చూసేవాడు. నన్ను చూడ్డానికీ జనం అలాగే వచ్చేవాళ్ళు. చర్చి అక్కయ్యలు ప్రార్థన చేసి, నా పొట్ట వంక చూసి నిట్టూర్చి వెళ్ళేవాళ్ళు. ఓ సాయంత్రం పెద్దమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"అన్ని లైట్లేసి, అంతమంది గుడ్లప్పగించి చూస్తుంటే ఏ ఆడదన్నా పొదుగుతుందా అండీ? ముందు దానికి కూర్చోవాలనిపించాలిగా!" అని పెదనాన్న మీద కేకలేసి, ఆ విసురుతోనే నా గది తలుపు కూడా మూసేసింది. ఎన్నాళ్ళకో ఆ పూట ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. బెజవాడ ఆసుపత్రిలో గుప్పెడంత పిల్లను నాకు సరిగ్గా చూపించకుండానే అద్దాల పెట్టెలో పెట్టి లైటు వేశారు. పెదనాన్న అద్దంలోంచి చూస్తూ, "చూశావుటే, బల్బు పెట్టారు" అన్నాడు పెద్దమ్మతో. అంటూనే భోరుమన్నాడు. ఆయన ఏడవగా నేను చూడడం అదే మొదలు. ఆ తరవాత అందరం ఆసుపత్రిలోనే ఉండిపోయాం. పిట్టలకు పక్కింటావిడ వల బయటి నుంచే గింజలూ నీళ్ళూ అందించేది.

పిల్లతో తిరిగొచ్చేసరికి వానలకు వల లోపల గడ్డి మోకాలెత్తు పెరిగింది. రంగుల ఇళ్ళు అందులో మునిగిపోయాయి, బల్బులు మాడిపోయాయి. కొడవలి పట్టుకెళ్ళిన పెదనాన్న వల తలుపు దగ్గరే ఆగి, నోటి మీద వేలుంచుకుని మమ్మల్ని పిలిచాడు. ఇళ్ళ వెనక, గోడవారన, గడ్డి చాటున ఒక పిట్ట రెక్కలు విప్పార్చి కూర్చుని ఉంది. పిల్లను గుండెకు అదుముకుని అక్కడే చతికిలబడ్డాను. కొన్నాళ్ళకు దాని వెనక తుమ్మెదలంతేసి పిల్లలు పరుగెత్తాయి. ఆ మూల గడ్డి మీద పెదనాన్న మళ్ళీ ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఆ గుప్పెడంత పిల్ల ఇప్పుడు నాకంటే పొడుగు. ఈమధ్య గది తలుపేసుకుని లోపల ఏం చేస్తుందో చెప్పదు. తట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంటాను. తొందరేముంది, ఇంకాస్త గడ్డి పెరగనీ అనుకుంటాను.